తోటలో చిన్న చిన్న వింతలు కంట పడాలంటే పని ఎలా పెట్టుకోవాలి

విజయనగరంలో ఇళ్ళల్లో తోటపని చేస్తాను. తోటపాలెంలో రెండిళ్ళు, కంటోన్మెంట్ వైపు పాతకాలపు పెద్ద దొడ్డి ఒకటి, రింగురోడ్డు దగ్గర ఒక మేడ మీద కుండీలు. మా నాన్న నెల్లిమర్ల వైపు మామిడితోటల్లో కాపలా ఉండేవాడు, కాయ దింపేవాడు. ఈ పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈమధ్య మా తోడల్లుడి కొడుకుని కూడా వెంట తీసుకెళ్తున్నాను. చురుకైన కుర్రాడు. కుండీ నింపడం, పాదు చెయ్యడం, ఏ మొక్కకి ఎంత గత్తం, అంటే పశువుల ఎరువు, వెయ్యాలో అన్నీ ఇట్టే పట్టేశాడు. కానీ "రోజూ అదే గడ్డి, అవే నీళ్ళు కదా పెదనాన్నా" అంటాడు.

అదే గడ్డి కాదు. తోటలో నిన్న లేనిది ఇవాళ ఏదో ఒకటి ఉంటుంది. అది మన కంట పడాలంటే పని చేసే పద్ధతి కాస్త మార్చుకోవాలి. ఎలా మార్చుకోవాలో, ఏ కాలంలో ఎక్కడ చూడాలో వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో నాలుగు కుండీలు పెంచుకునేవాళ్ళకి కూడా ఇవి పనికొస్తాయి. ఇదంతా సరదా కోసమే అనుకోవద్దు. వింతని చూసే కంటికే తెగులు కూడా ముందు కనిపిస్తుంది.

ముందు ఉత్త చేతులతో ఒక చుట్టు

గేటు తియ్యగానే పైపు పట్టుకోవద్దు. బొరిగి, కత్తెర, పార అన్నీ సంచిలోనే ఉంచి తోటంతా ఒకసారి తిరిగి రండి. పావుగంట చాలు. చేతిలో కత్తెర ఉంటే కళ్ళు కొయ్యాల్సిన కొమ్మల కోసమే వెతుకుతాయి. పైపు ఉంటే ఎండిన పాదులే కనిపిస్తాయి. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే ఉన్నదంతా కనిపిస్తుంది. రోజూ ఒకే దారిన తిరిగితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది. వారానికోసారి ఎదురు దిక్కు నుంచి రండి, మొక్కల రెండో పక్క కనిపిస్తుంది.

ఒకటి రెండు చోట్ల గొంతుక్కూర్చుని ఆకు అడుగు భాగం చూడండి. పిండినల్లి, తెల్లదోమ, పేనుబంక అన్నీ మొదట అక్కడే చేరతాయి. వాటిని తినేవి కూడా అక్కడే ఉంటాయి. చలికాలంలో చిక్కుడు పాదు కొసల్లో నల్లగా పేనుబంక పట్టి ఉంటుంది కదా. దాని మధ్యలో నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలతో పాకే పురుగు కనిపిస్తే చంపొద్దు. చూడ్డానికి అదేదో పెద్ద చీడలా ఉంటుంది గానీ, అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదయ్యాక ఎర్రగా గుండ్రంగా ముద్దుగా ఉంటుంది కాబట్టి అప్పుడు అందరూ గుర్తుపడతారు. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఎవరూ గుర్తుపట్టరు, నలిపేస్తారు. పెద్దదీ పిల్లా రెండూ తినేది పేనుబంకనే. అవి నాలుగైదు కనిపించాయంటే వేపనూనె కొట్టకుండా ఒక వారం ఆగండి. వారం తర్వాత కూడా పేనుబంక తగ్గకపోతే అప్పుడు లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, దాంతోపాటు కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టొచ్చు. నా అనుభవంలో చాలాసార్లు ఆ అవసరమే రాలేదు.

కరివేపాకు మొక్క దగ్గర కాసేపు నిలబడండి

ఈ చుట్టులో నేను ఎప్పుడూ తప్పకుండా ఆగేది కరివేపాకు దగ్గర, నిమ్మ దగ్గర. లేత చిగురు మీద ఆవగింజంత, లేత పసుపు రంగులో గుండ్రటి గుడ్డు ఒక్కోటి విడివిడిగా కనిపిస్తుంది. నల్ల రెక్కల మీద పసుపు మచ్చలుండే సీతాకోకచిలుక పెట్టిన గుడ్డు అది. దాంట్లోంచి వచ్చే గొంగళి మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. గోధుమ, నలుపు, మధ్యలో తెలుపు. ఆకు మీద పిట్టరెట్ట పడిందనుకుని పిట్టలే దాన్ని వదిలేస్తాయి, ఇంక మనమెంత! కొన్నాళ్ళకి పొర విడిచి పచ్చగా, నున్నగా, చిటికెన వేలంత అవుతుంది. అప్పుడు ఒక పుల్లతో మెల్లగా తట్టి చూడండి. తల వెనక నుంచి ఎర్రగా రెండు పాయలుగా కొమ్ము బయటికి తోస్తుంది. ఘాటైన వాసన కొడుతుంది. అంతలోనే లోపలికి లాగేసుకుంటుంది. తోటపాలెంలో నేను పనిచేసే ఇంటి పాప బడికి వెళ్ళేముందు ఇది చూడ్డానికి పరుగెత్తుకొస్తుంది. నేను తడితే ఒప్పుకోదు, పుల్ల తనకే ఇవ్వాలి.

ఇవి కరివేపాకుని బాగానే తినేస్తాయి. చిన్న మొక్కకి నాలుగు పడితే రెమ్మల ఈనెలే మిగులుతాయి. అందుకని నేను చేసేది ఇది: పెరట్లో ఒక పాత కరివేపాకు మొక్కనో, ముళ్ళ నిమ్మ మొక్కనో వాటికి వదిలేస్తాను. కూరకి కోసుకునే మొక్క మీద పురుగు కనిపిస్తే ఆకుతో సహా తుంచి ఆ మొక్క మీదకి చేరుస్తాను. ఆ మొక్కకి ఏ మందూ కొట్టను. గూడు కట్టే ముందు గొంగళి తినడం మానేసి కొమ్మకి తల పైకి పెట్టి, నడుముకి సన్నటి దారం వేసుకుని ఆనుకుంటుంది. అలా ఆనుకున్నది కనిపించిన రోజు కొమ్మకి ఒక రంగు గుడ్డపీలిక కట్టండి. మన వేడికి వారం పదిరోజుల్లో సీతాకోకచిలుక బయటపడుతుంది. గూడు నల్లబడి రెక్కల మీది పసుపు మచ్చలు లోపల్నుంచి కనబడుతున్నాయంటే మర్నాడు పొద్దున్నే రావడం ఖాయం. మామూలుగా వచ్చే టైముకంటే కాస్త ముందు రండి.

గడ్డి పీకేముందు

గడ్డి పీకేటప్పుడు దొరికేవి అన్నిటికంటే ఎక్కువ. వంటింటి నీళ్ళు పడే చోట, గత్తం కుప్ప చుట్టూ, గోడవార ఎవరూ వెయ్యని మొక్కలు లేస్తాయి. కాకి తెచ్చినవి, చెత్తతో వచ్చినవి, పోయినేడు రాలిన గింజలు. కొత్తగా పనిలోకి వచ్చినవాడికి అదంతా గడ్డే. అందుకని నా మాట ఏంటంటే, ఒక మూల మంచం పట్టేంత చోటు పదిహేను రోజులు ముట్టుకోకుండా వదిలేయండి. మొదటి రెండాకులు చూసి పోల్చుకోవడం కష్టం, మూడో ఆకు వచ్చాక తేలిక.

ఆకు నలిపి వాసన చూడండి. టమాటా, తులసి, బంతి వాసనతోనే దొరికిపోతాయి. చంద్రకాంత విత్తనాకులు వెడల్పుగా, మధ్యలో నొక్కినట్టుంటాయి. చింత మొలక గింజ పప్పు రెండు బద్దల్ని నెత్తిన పెట్టుకుని లేస్తుంది. మామిడి అయితే చెప్పక్కర్లేదు, ఆ రాగిరంగు లేతాకులు దూరం నుంచే పట్టిస్తాయి. మా వైపు అందరూ సువర్ణరేఖ, పణుకులు తిని టెంకలు పెరట్లోకే విసురుతారు కాబట్టి జూలై నాటికి ఎక్కడ చూసినా మామిడి మొలకలే. అయితే సువర్ణరేఖ టెంకలోంచి వచ్చిన చెట్టు సువర్ణరేఖే కాస్తుందని అనుకోవద్దు. ఏం కాస్తుందో కాసేదాకా తెలీదు, దానికి కొన్నేళ్ళు పడుతుంది. చోటుంటే ఉంచండి. లేకపోతే కుండీలోకి మార్చి అంటు కట్టడానికి వాడుకోండి, వేరు నాటుది కాబట్టి గట్టిగా ఉంటుంది.

బొప్పాయి మొలకలు గుంపుగా వస్తాయి. అన్నీ పీకేసి ఒకటే ఉంచితే అది మగ చెట్టయితే కాయే ఉండదు. మూడు నాలుగు మొక్కలు దగ్గర దగ్గరగా పెరగనివ్వండి. పూత వచ్చాక తెలుస్తుంది: మగ చెట్టుకి పొడవాటి కాడలకి చిన్న పూలు గుత్తులుగా వేలాడతాయి, ఆడ చెట్టుకి కాండాన్ని అంటిపెట్టుకుని లావుపాటి మొగ్గలుంటాయి. మగవాటిలో ఒకటి ఉంచి తక్కినవి తీసెయ్యండి.

ఇక్కడ ఒక మాట. పదిహేను రోజులు ఒక మూల వదిలేస్తే ఇంటివాళ్ళకి మనం పని ఎగ్గొట్టినట్టే కనిపిస్తుంది. కంటోన్మెంట్ మామ్మగారు మొదట్లో "ఏట్రా బాబూ, ఆ మూలంతా అలా వదిలీసేవేటి?" అని రోజూ అడిగేవారు. "ఒక పక్షం ఆగండమ్మా, ఏం వస్తాయో చూసి తీసేస్తాను" అని చెప్పాను. అక్కడే ఆవిడ పుట్టింటి నుంచి ఎప్పుడో తెచ్చుకుని పోగొట్టుకున్న రామములగ, అదే నాటు టమాటా, మళ్ళీ మొలిచింది. ఇప్పుడు ఆ మూల ఎవరు ముట్టుకున్నా ఆవిడ ఊరుకోరు. కొత్త ఇంట్లో పనికి కుదిరేటప్పుడే ఈ సంగతి చెప్పేసుకోండి. ఉత్త చేతులతో తిరిగే పావుగంట గురించి కూడా చెప్పండి. చెప్తే ఎవరూ కాదనరు, చెప్పకపోతే ఖాళీగా తిరుగుతున్నాడనుకుంటారు.

తొలకరిలో

రోహిణి ఎండలు వెళ్ళి మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వానలు పడేటప్పుడు తోటపనివాడికి నిద్ర ఉండకూడదు. జూన్ నెల మధ్య నుంచి మనకి రుతుపవనాలు వస్తాయి. మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్న ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికొస్తాయి. మందులు కొట్టని నేలలోనే కనిపిస్తాయి, సిమెంటు వేసేసిన ఇళ్ళల్లో వెతక్కండి. వాటిని డబ్బాల్లో పెట్టొద్దని పిల్లలకి చెప్పండి. నేలలోని చిన్న పురుగుల్నీ వాటి గుడ్లనీ తింటాయి, మనకి మేలే.

కనకాంబరం వేసిన ఇల్లయితే వాన మొదలయ్యేటప్పుడు అక్కడ నిలబడండి. పూలు కొయ్యకుండా వదిలేసిన కంకుల్లో గోధుమరంగు ఎండుకాయలుంటాయి. తడి తగలగానే టప్‌మని పగిలి గింజలు అంత దూరం ఎగిరిపడతాయి. వాన కోసం ఆగలేకపోతే రెండు కాయలు అరచేతిలో పెట్టుకుని నాలుగు చుక్కల నీళ్ళు వెయ్యండి. అందుకనే గింజలు కావాలంటే వానకి ముందే పొడిగా ఉన్న కంకులు కోసి కాగితం సంచిలో దాచుకోవాలి. ఢిల్లీ కనకాంబరం అనే నారింజ రంగు రకానికి మాత్రం గింజ కట్టదు. దాన్ని కొమ్మ ముక్కలతోనే పెంచాలి.

రెయిన్ లిల్లీ దుంపలు దారి పక్కన వరసగా పెట్టి ఎండాకాలమంతా నీళ్ళు తగ్గించేయండి. ఆకు వాడినా బెంగ పడొద్దు. మంచి వాన పడ్డ కొద్ది రోజులకి, ఇంకా ఆకు కూడా సరిగ్గా లేవకుండానే, ఆ వరసంతా ఒకేసారి పూస్తుంది. రోజూ నీళ్ళు పెట్టే కుండీలో ఇలా ఒక్కసారిగా పూయదు.

కంద సంగతి కూడా చెప్పాలి. కంటోన్మెంట్ దొడ్డిలో ఒక తొలకరికి భరించలేని కుళ్ళు వాసన వచ్చింది. ఎలుక చచ్చిందనుకుని మామ్మగారు వంటింటి సామానంతా తీయించారు. అటక వెతికారు. నేను వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ ముక్కుకి గుడ్డలు కట్టుకుని ఉన్నారు. నూతి వెనక పాత కందపాదులో చూస్తే, ఉత్త నేలలోంచి దోసిలంత ముదురు ఎర్రటి పువ్వు, మధ్యలో ముడతలు పడ్డ ఉబ్బెత్తు బుడిపె, చుట్టూ ఈగలు. కంద ఆకు కంటే ముందు పువ్వు రావడం అరుదుగా చూస్తాం. బాగా ముదిరిన దుంపే పూస్తుంది. ఆ వాసన ఈగల్నీ, కుళ్ళుకి చేరే పురుగుల్నీ పిలవడానికి. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. మీ ఇంట్లో వస్తే పీకెయ్యకండి, ఇరుగుపొరుగుని పిలిచి చూపించండి.

కొమ్మలు నాటడానికి కూడా ఇదే అదను. మందార, నందివర్ధనం, గన్నేరు, గుండుమల్లె ఏదైనా సరే, పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ జానెడు పొడవున తీసుకోండి. కణుపు కింద ఏటవాలుగా కొయ్యండి. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసెయ్యండి. రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళాలి. సగం ఇసుక, సగం మట్టి. నీడలో పెట్టి తడి ఆరకుండా చూడండి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. రెండు వారాలకి చిగురు కనిపిస్తుంది, సంతోషమేస్తుంది. అప్పుడే పీకి చూడొద్దు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చింది, వేరు ఇంకా దిగి ఉండదు. నెల దాటాక రెండు వేళ్ళతో పట్టి మెల్లగా పైకి లాగితే కొమ్మ మీ వేళ్ళని తిరిగి కిందికి లాగినట్టు అనిపిస్తుంది. ఆ పట్టు తెలిసినప్పుడే కుండీ మార్చండి. వేరుని కళ్ళతో చూడకుండా వేళ్ళతో తెలుసుకోవడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. మా కుర్రాడికి కూడా పని మీద మనసు పడింది అక్కడే. వాడు నాటిన మందార కొమ్మ మొదటిసారి వేళ్ళని పట్టుకున్నప్పుడు "వచ్చీసింది పెదనాన్నా!" అని వీధిలోకి వినపడేలా అరిచాడు.

వారానికి ఒక సాయంత్రం

తోటపనివాళ్ళం పొద్దున్నే వచ్చి ఎండెక్కేసరికి వెళ్ళిపోతాం. తోటలో సగం సంగతులు సాయంత్రమే జరుగుతాయి. వారానికి ఒక రోజు పొద్దుటి పని కొంత ఆపి నాలుగు తర్వాత రండి. నాలుగింటి నుంచి చంద్రకాంతలు విచ్చుకోవడం మొదలెడతాయి. ఐదు దాటాక బీర పువ్వు, చీకటి పడే ముందు ఆనప పువ్వు.

ఆనప పాదు దగ్గర చెయ్యాల్సిన పని ఒకటుంది. తీగ నిండా పూలున్నాయి, పిందెలు పడి రాలిపోతున్నాయి అని చాలామంది బాధపడతారు. గత్తం ఎక్కువ వేస్తారు, మందు కొడతారు. ముందు పువ్వుని చూడండి. ఉత్త సన్నటి కాడ మీద నిలబడ్డది మగపువ్వు. పువ్వు కింద నూగుతో వేలంత చిన్న ఆనపకాయ ఉంటే అది ఆడపువ్వు. మొదట్లో కొన్నాళ్ళు మగపూలే వస్తాయి, కంగారు పడొద్దు. మొదటి తీగ పందిరి ఎక్కగానే కొస తుంచేస్తే పక్క తీగలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా ఆ పక్క తీగల మీదే పడతాయి.

ఆడపువ్వు పూర్తిగా విచ్చుకున్నాక, ఆ సాయంత్రమే విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోసి రేకులు తీసెయ్యండి. మధ్యలో పసుపు పొడి అంటుకున్న కాడ మిగులుతుంది. ఆ పొడిని ఆడపువ్వు మధ్యలో మూడు బుడిపెలుగా ఉన్న చోట మెత్తగా అద్దండి, మూడింటికీ తగలాలి. అంతే. మర్నాడు పొద్దునకి పువ్వు వాడిపోతుంది. పొడి పట్టిందో లేదో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. పట్టిన పిందె నవనవలాడుతూ లావెక్కుతుంది. పట్టనిది కొస నుంచి పసుపెక్కి మెత్తబడుతుంది. మేడల మీద పెంచేవాళ్ళకి ఇది తప్పదు, అంత ఎత్తుకి పురుగులు తక్కువ వస్తాయి. గుమ్మడికి మాత్రం ఇదే పని తెల్లవారుజామున చెయ్యాలి. ఎండెక్కేసరికి ఆ పువ్వు ముడుచుకుపోతుంది.

అలా పువ్వు పట్టుకుని నిలబడ్డప్పుడు పెద్ద రెక్కల పురుగు ఒకటి రావచ్చు. కదలకండి. పువ్వు మీద వాలదు, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి పొడుగాటి నాలుక చాపి తేనె తాగుతుంది. ఆ రెక్కల గాలి చేతికి తగులుతుంది. మీరు అద్దాలనుకున్న పొడి ఎన్నో రాత్రుల్నుంచి అదే అద్దుతోంది.

బ్రహ్మకమలం ఉన్న ఇంట్లో పనిచేస్తుంటే పూసే రోజు ముందుగా చెప్పగలగాలి, ఇంటివాళ్ళు దాన్ని మర్చిపోరు. హిమాలయాల్లోది వేరు, మన ఇళ్ళల్లోది ముళ్ళు లేని కాక్టస్ జాతి. ఆకు ముక్క గుచ్చినా బతుకుతుంది, పూయడానికి మాత్రం రెండు మూడేళ్ళు ఓపిక కావాలి. సగం నీడ, తేలికపాటి మట్టి చాలు. మొగ్గ మొదట కిందికి వేలాడుతుంది. పెరుగుతూ పెరుగుతూ మెడ వంచి పైకి లేస్తుంది. కొస ఉబ్బి, తెల్లరేకులు బయటపడేలా వదులైన రోజు రాత్రే పూస్తుంది. పొద్దున్న చూసి అలా అనిపిస్తే ఇంటావిడకి చెప్పేయండి. తొమ్మిదింటికి మొదలై అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. నేను చెప్పిన రోజున వీధి వీధంతా పళ్ళాల్లో హారతులు పట్టుకొచ్చారు.

తుఫాను నెల

అక్టోబరు అంటే మనకి భయమే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీకి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. సెప్టెంబరు ఆఖరుకే చెట్ల తలలు పలచబరచండి, కొబ్బరికి ఎండుమట్టలు, ముదురు కాయలు దింపేయండి, మేడ మీద కుండీలు పిట్టగోడ మీంచి దించి మూలకి చేర్చండి.

గాలి వెళ్ళాక రంపం పట్టుకోవడానికి తొందరపడొద్దు. ఆకంతా రాలి మోడైన చెట్టు చచ్చిందనుకుంటారు. కాండం మీద బొటనవేలి గోరుతో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. హుద్‌హుద్ తర్వాత అలా మోడుల్లా మిగిలిన చెట్లు కొన్ని వారాలకే, తమ కాలం కాకపోయినా, నిలువెల్లా చిగురేశాయి. ఒరిగిన చిన్న చెట్లని నేల తడిగా ఉండగానే లేపి, తలలో మూడో వంతు తీసేసి, మూడు వైపులా గెడలు పాతి కట్టండి. విరిగిన మునగని మోకాలెత్తున నరికి వదిలేయండి, మళ్ళీ లేస్తుంది.

పండగ పూలు

సంక్రాంతికి ముగ్గుల్లో గొబ్బెమ్మల మీదకి బంతి మన పెరటిదే ఉండాలంటే అక్టోబరు మొదటి పదిహేను రోజుల్లో నారు పోసుకోవాలి. నెలకి మొక్కలు తీసి నాటాలి. బాగా నిలదొక్కుకున్నాక తలలు తుంచాలి. తుంచితే పూత కాస్త వెనకబడుతుంది, కొమ్మలు మాత్రం రెట్టింపవుతాయి. కాబట్టి డిసెంబరు మొదటి వారం దాటాక తుంచొద్దు.

చామంతి దగ్గర ఒక విచిత్రం ఉంది. రింగురోడ్డు ఇంట్లో ఒకే రోజు కొన్న రెండు చామంతి కుండీల్లో ఒకటి డిసెంబరుకి విరగబూసింది. రెండోది ఆకులే ఆకులు, మొగ్గ లేదు. మట్టి అదే, గత్తం అదే. కారణం వీధి దీపం. చామంతికి రాత్రి పెద్దదయ్యాకే మొగ్గ కడుతుంది. రాత్రంతా దీపం వెలుగు పడుతుంటే దానికి ఇంకా పగలే. మీ చామంతి పూయకపోతే మందులు కొనేముందు రాత్రి ఒకసారి వెళ్ళి దాని మీద ఏ లైటు పడుతోందో చూడండి. దసరా నుంచి చీకటి పడే చోట పెడితే సరిపోతుంది.

పండగ వెళ్ళేలోపు మల్లె పని. డిసెంబరు నుంచి నీళ్ళు తగ్గించి, ఎండు కొమ్మలు, కిందటేటి సన్న రెమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయండి. చూడ్డానికి జాలేస్తుంది. జనవరి ఆఖర్లో గత్తం వేసి నీళ్ళు మొదలెడితే మార్చికల్లా మొగ్గలు.

ఎండాకాలం, గూళ్ళు

కత్తిరింపులకి ముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. కొమ్మ కొయ్యబోయేముందు దాన్ని కదపకుండా లోపలికి చూడండి. మందారలో, వెడల్పాటి ఆకుల కుండీ మొక్కల్లో రెండాకులు అంచులు కలిసి దొన్నెలా కనిపిస్తే అది తెగులుకి ముడుచుకున్న ఆకు కాదు. దగ్గరగా చూస్తే అంచుల్లో చిన్న చిన్న కన్నాలు, వాటిలోంచి దూదిపోగో సాలెగూడు దారమో వెళ్ళి బయట ముడిలా ఉబ్బి ఉంటుంది. దర్జీ పిట్ట కుట్టిన గూడు అది. ముక్కుతో కన్నం పొడిచి, దారం దూర్చి, ఆకు పచ్చగా ఉండగానే కుడుతుంది కాబట్టి ఎండిపోదు. లోపల దూది పరుచుకుంటుంది. తీగ కొసకి చెత్త వేలాడుతున్నట్టు ఉండి, పక్కన చిన్న కన్నముంటే అది తేనెపిట్టది. ఎర్రచీమలు కుట్టిన ఆకుల ఉండ అయితే మాత్రం చెయ్యి పెట్టకండి, తాకితే తెలుస్తుంది. మామిడి మీద ఉంటే కాయ దింపేదాకా వాటినీ ఉంచుతాను, చాలా పురుగుల్ని అవే ఏరేస్తాయి.

గూడు దొరికితే రోజూ వెళ్ళి తొంగిచూడకండి. మీ వెనకే పిల్లి వస్తుంది, కాకి చూస్తుంది. ఆ పక్క పైపు నీళ్ళు చిమ్మకుండా చెంబుతో మొక్క మొదలు దగ్గర పొయ్యండి. దూరంగా నీడలో ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి. దర్జీ పిట్ట గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా నెల కూడా పట్టదు. అంతదాకా ఆ కొమ్మ ఒక్కటీ వదిలేసి మిగతా మొక్క కత్తిరించుకోవచ్చు. ఇంటివాళ్ళు వంకరగా ఉందని అంటే తీసుకెళ్ళి దూరం నుంచి చూపించండి, ఇంకేమీ అనరు. పిల్లలు ఎగిరిపోయాక ఆ కొమ్మ కూడా కోసెయ్యండి, మందార వానలకి మళ్ళీ చిగురేస్తుంది.